సిపాయిల మైదానంలో మన పోలీసులు

1943. దేశమంతా యుద్ధపు నీడ. మైదానాల నిండా సైనిక జట్లు. ఆ ఏడాది బెంగళూరులో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌ను ఓడించి కప్పు తెచ్చుకుంది హైదరాబాద్ సిటీ పోలీస్. భారత ఫుట్‌బాల్‌ను ఇరవై ఏళ్లు నడిపించిన హైదరాబాద్ ఆటకు అది తొలి అడుగు. ఆ కథలో మన బొగ్గు నేలకూ చోటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడిన స్పిట్‌ఫైర్ దళాల్లో ఒకదాని చిహ్నం నిజాం తలపాగా. దళం నంబరు 152. పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. చిహ్నం కింద రాసుకున్న మాటలకు అర్థం ‘నమ్మకమైన మిత్రుడు’. ఆంగ్లేయులు నిజాంకు ఇచ్చిన బిరుదు అది. 253 నంబరు దళానికీ హైదరాబాద్ పేరే పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110 నంబరు దళానికీ ఇదే పేరు ఉండేది. సంస్థానం ఖజానా నుంచి వెళ్లిన సొమ్ముకు గుర్తుగా విమానాలు ఈ నేల పేరు మోశాయి. 152వ దళం 1943 డిసెంబరులో మన దేశానికే వచ్చి, బర్మా సరిహద్దులో జపాన్ మీద పోరాడింది.

అదే ఏడాది రాయల్ ఎయిర్‌ఫోర్స్ పేరుతోనే మరో దళం బెంగళూరు మైదానంలో దిగింది. దాని చేతిలో ఆయుధాల్లేవు, కాళ్ల దగ్గర బంతి ఉంది. ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో దాని ఎదుట నిలబడింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఖజానా నుంచి డబ్బు పంపి విమానాలు కొనిచ్చిన రాజ్యంలో నెల జీతానికి పనిచేసే పోలీసులు వాళ్లు. వాళ్లే గెలిచారు.

ఈ గెలుపు ఎంత పెద్దదో తెలియాలంటే ఆనాటి సైనిక జట్ల బలం తెలియాలి.

బంతి ఆడే బారకాసులు

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆగిపోయింది. అప్పటికి సీజన్ మొదలై కొద్ది రోజులే అయింది. పేరున్న ఆటగాళ్లు చాలామంది సైన్యంలో చేరి వ్యాయామ శిక్షకులయ్యారు. వాళ్లను ఎక్కడ నియమిస్తే అక్కడి జట్టు బలపడేది. ఆల్డర్‌షాట్ అనే సైనిక పట్టణానికి యుద్ధానికి ముందు అడుగు డివిజన్‌లో ఆడే మామూలు క్లబ్ ఉండేది. యుద్ధం వచ్చాక క్లిఫ్ బ్రిటన్, స్టాన్ కల్లిస్, జో మెర్సర్ అక్కడి శిబిరంలో చేరారు. ముగ్గురూ ఇంగ్లండ్ జాతీయ జట్టు హాఫ్‌బ్యాక్‌లు. ఆ ముగ్గురూ ఆ చిన్న క్లబ్ చొక్కా వేసుకుని ఆడుతుంటే ఊరి జనం నోరు తెరుచుకు చూశారు. యుద్ధకాలంలో సైనిక శిబిరపు జట్టు అంటే ఇదీ. ఈ వారం ఉన్నవాడు వచ్చేవారం ఉంటాడన్న నమ్మకం లేదు. ఉన్నన్నాళ్లు మాత్రం ఆ జట్టును ఓడించడం తేలిక కాదు.

మన దేశానికీ అలాంటివాళ్లు వచ్చారు. ఆర్సెనల్ తరఫున వింగ్‌లో పరుగెత్తిన డెనిస్ కాంప్టన్ సైనికుడిగా ఇక్కడికి వచ్చాడు. 1945 మార్చిలో రంజీ ట్రోఫీ ఫైనల్లో హోల్కర్ జట్టుకు 249 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. రెండు ఆటల్లోనూ మొనగాడైన అతన్ని మనవాళ్లు క్రికెటర్‌గానే గుర్తుంచుకున్నారు. కాంప్టన్ అంత పేరు లేకపోయినా, ఇంగ్లండ్, స్కాట్లండ్ క్లబ్బుల్లో జీతానికి ఆడిన కుర్రాళ్లు ఎందరో యూనిఫాం వేసుకుని మన కంటోన్మెంట్లలో దిగారు.

అప్పటి బొంబాయి రోవర్స్ కప్ విజేతల పట్టీ చూడండి. 1943లో రాయల్ ఎయిర్‌ఫోర్స్. 1944లో బ్రిటిష్ బేస్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ క్యాంప్. 1945లో మిలిటరీ పోలీస్. 1946లో మళ్లీ అదే బేస్ క్యాంప్. వరసగా నాలుగేళ్లు సైనికులదే కప్పు. అందులోనూ రెండుసార్లు గెలిచింది యుద్ధరంగానికి మనుషుల్ని పంపే తాత్కాలిక శిబిరం. ఆ పట్టీలో దానికి ముందున్న 1942 విజేత బాటా స్పోర్ట్స్ క్లబ్, చెప్పుల కంపెనీ జట్టు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

అప్పటికి రోవర్స్, డ్యూరాండ్ కప్పులను భారతీయ జట్లు గెలవడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. రోవర్స్ కప్‌ను గెలిచిన మొదటి భారతీయ జట్టు 1937లో బెంగళూరు ముస్లిమ్స్. 1888లో సిమ్లాలో సైనికుల కోసం మొదలైన డ్యూరాండ్ కప్‌ను ఒక భారతీయ పౌర జట్టు గెలవడానికి 1940 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఢిల్లీలో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. ఆ తర్వాత యుద్ధం వల్ల డ్యూరాండే ఆగిపోయింది, మళ్లీ 1950లోనే జరిగింది. ఇలాంటి కాలంలో, ఎక్కడ చూసినా యూనిఫాం జట్లే గెలుస్తున్న రోజుల్లో, బెంగళూరు వెళ్లి వైమానిక దళాన్ని ఓడించడం అంటే మాటలు కాదు.

కంటోన్మెంటు కంచె పక్కన

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ సైన్యంతోనే వచ్చింది. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారంలలో పందొమ్మిదో శతాబ్దం నుంచే బ్రిటిష్ బలగాలుండేవి. సాయంత్రం పరేడ్ అయిపోగానే మైదానంలో బంతి దొర్లేది. యుద్ధకాలంలో ఈ సందడి రెట్టింపైంది. బేగంపేట విమానాశ్రయంలో యువ పైలట్లకు తొలి శిక్షణ ఇచ్చేవారు. కొత్త ముఖాలు, కొత్త జట్లు, వారానికో పోటీ.

కంచె అవతల నిలబడి ఆ ఆటను కళ్లతో నేర్చుకున్న పిల్లలు ఉన్నారు. బొల్లారం పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అలాంటి బస్తీ పిల్లవాడే. ఇంట్లో పేదరికం. బూట్లు కొనే స్తోమత లేక, పాత బూట్లను మోచీ చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడు. ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. భారత ఫుట్‌బాల్‌లో చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిపి చెప్పుకునే ముగ్గురిలో ఒకడయ్యాడు. 1935లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు గోల్‌కీపరయ్యాడు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. బ్రిటిష్ సైనికులు ఆడుకునే చోటునుంచి వచ్చిన పిల్లవాడు, స్వతంత్ర భారత సైనిక శిబిరం జట్టుకు కప్పు తెచ్చిపెట్టాడు. ఈ మార్పంతా ఇరవై ఏళ్లలో జరిగిపోయింది.

ఆట చూసి నేర్చుకుంటే సరిపోదు కదా. నేర్చుకున్నవాడికి తిండి ఎవరు పెడతారు? బస్తీ కుర్రాడికి రోజూ రెండు గంటలు మైదానంలో గడపాలంటే పొద్దున కూలి పోతుంది. అక్కడ ఆదుకుంది పోలీసు ఉద్యోగం. సిటీ పోలీస్ జట్టు 1939లో పుట్టింది. ఆట వచ్చినవాడికి నౌకరీ, నౌకరీ ఉన్నవాడికి సాధన. పొద్దున పరేడ్‌తో ఒంట్లో సత్తువ, సాయంత్రం మైదానం, నెల తిరిగేసరికి జీతం. సైనిక జట్ల బలం కూడా ఇదే. వాళ్లకు తిండి, బట్ట, వైద్యం, మైదానం అన్నీ సర్కారువే. బాటా జట్టు వెనకున్నదీ ఉద్యోగమే. సైన్యాన్ని ఓడించగలిగింది ఎక్కువగా సైన్యంలాగే ఆటగాణ్ని పోషించిన సంస్థలేనని నేను బలంగా నమ్ముతాను. ప్రతిభ అమ్ముగూడలోనూ ఉంది, అఫ్జల్‌గంజ్‌లోనూ ఉంది. దానికి కొలువు దొరికిన రోజే కప్పు దొరికింది.

బొగ్గు రైలు దారి

ఇక మన దగ్గరికి, సింగరేణి బొగ్గు నేలకు వద్దాం. 1943లో గోదావరిఖని లేదు. ఇక్కడ బొగ్గు బాయిలు తవ్వింది 1960ల్లో. రామగుండం అప్పుడు కాజీపేట–బల్లార్షా మార్గంలో ఒక స్టేషన్, అంతే. కానీ ఆ మార్గం చిన్నది కాదు. 1920ల చివర్లో పూర్తయిన ఆ పట్టాల మీదుగానే ఢిల్లీ, మద్రాసులు నేరుగా కలిశాయి. యుద్ధకాలంలో ఉత్తరం నుంచి దక్షిణానికి బలగాలు, సామగ్రి చేరే ముఖ్యమైన దారుల్లో ఇది ఒకటి. రైలును లాగేది ఆవిరి, ఆవిరిని పుట్టించేది బొగ్గు. దక్షిణాది రైళ్లకు ఆ బొగ్గు ఇచ్చింది సింగరేణి. అప్పటికి ఇల్లెందులో తవ్వకం మొదలై యాభై ఏళ్లు దాటింది. 1889లో మొదలైన పని అది. బెల్లంపల్లి ప్రాంతంలో, కొత్తగూడెంలో బాయిలు నడుస్తున్నాయి.

యుద్ధంలో బొగ్గు ఎంత కరువైందంటే, 1943లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయరాదన్న నిషేధాన్నే సడలించింది. బ్రిటన్‌లోనైతే అదే ఏడాది చివర్లో సైన్యానికి పిలిచిన కుర్రాళ్లలో పదిమందికి ఒకణ్ని చీటీ తీసి బొగ్గు గనులకు పంపారు. అప్పటి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద వాళ్లను బెవిన్ కుర్రాళ్లు అన్నారు. అలా గనికి వెళ్లినవాళ్లలో బోల్టన్ కుర్రాడు నాట్ లాఫ్ట్‌హౌస్ ఒకడు. వారమంతా గనిలో టబ్బులు తోసి, శనివారం మ్యాచ్ ఆడేవాడు. తర్వాత ఇంగ్లండ్ జట్టుకు ఎదురులేని సెంటర్ ఫార్వర్డ్ అయ్యాడు. టబ్బులు తోసే పనే తన ఒంటిని గట్టిపరిచిందని చెప్పుకునేవాడు. మన గనుల్లో తట్టా చెమ్మస్ పట్టినవాళ్లకు, టబ్బులు తోసే ట్రామర్ పని చేసినవాళ్లకు ఆ మాటలో ఎంత నిజముందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పనికి కాళ్లల్లో, నడుములో ఎంత బలం కావాలో మన పాత తరం కార్మికుల పిక్కలు చూస్తే తెలుస్తుంది.

యుద్ధం ముగిసిన 1945లోనే నిజాం ప్రభుత్వం సింగరేణిలో ఎక్కువ వాటాలు కొన్నది. దేశంలో సర్కారు చేతికొచ్చిన తొలి బొగ్గు సంస్థ అదే. పోలీసు జట్టును పోషించిన రాజ్యమే బొగ్గు కంపెనీకీ యజమాని అయింది.

రహీం మాస్టారు

హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే ముందు గుర్తొచ్చే మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు. ఆయనది బడిపంతులు ఉద్యోగం. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. యుద్ధం జరుగుతున్న ఏళ్లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత తలకెత్తుకున్నాడు. ఈ మధ్య హిందీలో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. సినిమా చూపించింది ఆయన కీర్తి. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది ఆయన బుద్ధి.

డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే తోటివాడికి పంపాలి అనే నిబంధనతో ఆయన టోర్నమెంట్లు పెట్టించాడు. బలహీనమైన కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ. బస్తీ కుర్రాడికి బంతి దొరికితే వదలబుద్ధి కాదు. పది మందిని తప్పించుకుపోవాలన్న ఉబలాటం ఉంటుంది. ఎంత మందలించినా పోని ఆ అలవాటును రహీం ఆట నిబంధనే మార్చి పోగొట్టాడు. బంతి ఆపితే తప్పు అయినప్పుడు, ఆపకముందే ఎవరికివ్వాలో చూసుకోక తప్పదు. తల ఎత్తి చూడటం అక్కడే అలవడుతుంది. పెద్ద ఖర్చు లేదు, విదేశీ కోచ్ లేడు. ఒక టీచర్ తరగతి గదిలో ఎలా ఆలోచిస్తాడో మైదానంలో అలా ఆలోచించాడు.

అప్పటి ఊరి పరిస్థితులు ఎలాంటివి? 1943లో గెలిచిన జట్టు ఐదేళ్లలో పెద్ద కుదుపును చూసింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం ముగిసింది. ఎందరో ఊళ్లు వదిలిపోయారు, ఎన్నో ఇళ్లు చెదిరిపోయాయి. పోలీసు శాఖే కొత్త ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు, రెండేళ్లకు, హైదరాబాద్ సిటీ పోలీస్ ఢిల్లీకి వెళ్లి స్వతంత్ర భారతంలో జరిగిన తొలి డ్యూరాండ్ కప్‌ను గెలిచింది. ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పూ గెలిచింది. ఆ కప్పును 1954 దాకా, వరసగా ఐదేళ్లు, ఇంకెవరికీ ఇవ్వలేదు. ఒకప్పుడు బేస్ క్యాంపులు, మిలిటరీ పోలీసులు పంచుకున్న కప్పు అది. 1948 తర్వాతి ఆ రెండేళ్లలో వాళ్లు ఎలా కలిసి సాధన చేశారో తలుచుకుంటే నాకు కప్పుల కంటే ఆ కలిసి ఉండటమే ఎక్కువ అనిపిస్తుంది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కోచ్ రహీం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయిఖ్ వెళ్లారు. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయారు. రహీం ఆ ఓటమి నుంచి నేర్చుకుని జట్టు ఆటతీరునే మార్చాడు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. తంగరాజ్, అజీజ్, నూర్, జుల్ఫికర్, బలరాం అందులో ఉన్నారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా స్వర్ణం తెచ్చారు. గోల్‌పోస్టు ముందు తంగరాజ్ నిలబడ్డాడు, ముందు వరసలో బలరాం, యూసుఫ్ ఖాన్ పరుగెత్తారు. అప్పటికే రహీం క్యాన్సర్‌తో నలిగిపోతున్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆంధ్రా పోలీస్ పేరుతో హైదరాబాద్ పోలీసు జట్టు డ్యూరాండ్ గెలిచింది 1961లో. ఆ తర్వాత ఆ కప్పు గెలవలేదు.

ఎందుకు గెలవలేదన్న ప్రశ్నకు రహీం పోయాడు కాబట్టి అనే జవాబు వినబడుతుంటుంది. నేను దానితో ఏకీభవించను. మంచి ఆటగాళ్లకు కలకత్తా క్లబ్బులు ముందునుంచే ఎక్కువ డబ్బు ఇచ్చేవి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. వెళ్లినవాళ్ల చోటు నింపడానికి కొత్తవాళ్లను తెచ్చే దారి సన్నబడింది. కొలువిచ్చి ఆడించే పద్ధతి నీరసపడ్డ చోట కోచ్ ఒక్కడే ఎంతకాలం మోస్తాడు? చాలా ఏళ్ల తర్వాత నగరంలో ప్రొఫెషనల్ క్లబ్ వచ్చింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. అయితే అది వేరే రకం ఆట, వేరే రకం డబ్బు. బస్తీ కుర్రాడికి అది కొలువు కాలేదు.

ఖనిలో మిగిలింది

కొలువిచ్చి ఆడించే పద్ధతి ఇప్పటికీ బతికున్న కొద్ది చోట్లలో సింగరేణి ఒకటి. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరుతో కంపెనీ ఏటా పోటీలు జరుపుతుంది. ముందు ఏరియా స్థాయి, తర్వాత కంపెనీ స్థాయి, అందులో నెగ్గుకొచ్చినవాళ్లకు కోల్ ఇండియా పోటీలు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. పొద్దున అక్కడ నడకకు వచ్చేవాళ్లలో రిటైరైన ట్రామర్లు, కోల్ ఫిల్లర్లు కనిపిస్తారు. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోకుండా బంతి తన్నే కుర్రాళ్లూ ఉంటారు. ఆటకు ఇంత దగ్గరగా ఉన్న కార్మిక నగరాలు మన దగ్గర ఎక్కువ లేవు.

కానీ మనుషులు తగ్గిపోయారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, మట్టి ఎత్తే పని కాంట్రాక్టుకు పోయింది. కాంట్రాక్టు కార్మికుడికి మస్టర్ పడితేనే కూలి. వాడు ఎంత బాగా ఆడినా సాయంత్రం మైదానానికి వస్తే ఆ రోజు డబ్బు పోతుంది. 1943లో పోలీసు కొలువు దొరకని బస్తీ కుర్రాడి పరిస్థితి ఎలా ఉండేదో, ఈ రోజు ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే కాంట్రాక్టు కుర్రాడిదీ అంతే. కంపెనీ స్థాయి పోటీల్లో కాంట్రాక్టు కార్మికులకూ పూర్తి చోటు కావాలి. జట్టుకు ఎంపికైనవాడికి సాధన చేసిన రోజు కూలి అందాలి. కొన్ని వేల కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థకు ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

వారసత్వ ఉద్యోగాలతో కొత్త తరం బాయిలోకి వచ్చింది. డిగ్రీలు చదివిన కుర్రాళ్లు, ఫోన్లో యూరప్ మ్యాచ్‌లు చూసి పెరిగినవాళ్లు. డిసెంబరు 23 సింగరేణి డే. 1920లో కంపెనీకి ఈ పేరు వచ్చిన రోజు. కాలనీలన్నీ ఆ రోజు పండుగ చేసుకుంటాయి. ఈసారి రామగుండంలోని ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాల కార్మికుల పిల్లలను పిలిచి, నెహ్రూ స్టేడియంలో రహీం పద్ధతిలో ఒక టోర్నీ పెట్టాలి. డ్రిబ్లింగ్ లేదు, బంతి అందగానే వదిలేయాలి. రెండో మ్యాచ్ బలహీనమైన కాలితోనే ఆడాలి. నాలుగు బంతులు, ఒక విజిల్, నిబంధనలు చదివి వినిపించడానికి ఒక పీఈటీ సారు ఉంటే చాలు.